యూనిట్ రాయని అయిదు

జనవరి 14, బుధవారం

ఇది లాబ్ నోటుబుక్కులో రాయాల్సింది. అక్కడ రాయలేక ఇక్కడ రాస్తున్నాను.

మధ్యాహ్నం క్లాసు పిల్లలకు చూపించడానికి కట్టిన చిన్న డబ్బా పట్టుకుని మెన్నో గదికి వెళ్లాను. అయస్కాంతం ఉన్న గదిలో దాన్ని పరీక్షించడం కుదరదు, ఆ బలానికి అది తట్టుకోదు. గోడ అవతల మెన్నో గాజు పని చేసుకునే గదిలో భూమికున్న అయస్కాంతబలం తప్ప ఇంకేం ఉంటుంది అనుకున్నాను. ఆ బలాన్ని కొలిచే లెక్కలో అర గాస్ కంటే కాస్త ఎక్కువ, అంతే.

ఆయన స్టూలు మీద కూర్చుని నా కోసమే ఒక క్వార్ట్జ్ గొట్టం మూతి కరిగించి మూస్తున్నాడు. నల్లద్దాలు పైకి తోసి నావైపు చూశాడు.

"ఏంటి లెస్యా ఆ డబ్బా? నాకు అన్నం గానీ తెచ్చావా?"

"ఇందులో చిటికెడు నల్లపొడి ఉంది. దాన్నిండా జంట లేని ఎలక్ట్రాన్లు. ఒక్కొక్కటి ఒక బొంగరం అనుకోండి. చుట్టూ అయస్కాంతబలం ఉంటే తల ఊపుతుంది. ఒక గాస్‌కి సెకనుకి ఇరవై ఎనిమిది లక్షల సార్లు, అంటే రెండు పాయింట్ ఎనిమిది మెగాహెర్ట్జ్. ఎంత వేగంగా ఊపుతోందో చూస్తే ఇక్కడ బలం ఎంతుందో చెప్పేయొచ్చు."

"ఒక్కోరోజు బద్ధకించదా?"

"దానికి ఆదివారాలు కూడా లేవు."

ఆయన నవ్వాడు. నేను స్టూలు పక్కన, ఆయన ఛాతీ ఎత్తులో డబ్బా పట్టుకుని నాబ్ తిప్పాను. ఒకటిన్నర దగ్గర రావాల్సిన సిగ్నల్ రాలేదు. తిప్పుతూ పోయాను. పది. ఇరవై. నలభై. యాభై మూడు మెగాహెర్ట్జ్ దగ్గర ముల్లు టక్కున పడింది.

"యాభై మూడా? మంచిదేనా?" అని అడిగాడు మెన్నో.

"మంచిదే," అన్నాను.

యాభై మూడుని రెండు పాయింట్ ఎనిమిదితో భాగిస్తే దాదాపు పంతొమ్మిది గాస్. ఛాతీలో గుండె యంత్రం ఉన్న మనిషికి అయిదు దాటకూడదు. మెన్నో ఛాతీలో రెండేళ్ల నుంచి అలాంటిది ఉంది.

డబ్బా పాడై ఉంటుంది.


జనవరి 15, గురువారం

డబ్బా పాడవలేదు. రోడ్డు దాటి లైబ్రరీ నేలమాళిగలోకి తీసుకెళ్లి చూశాను. ఒకటి పాయింట్ ఆరు. భూమి తన లెక్క తాను సరిగ్గానే చెప్పింది.

తిరిగొచ్చి అయస్కాంతం కంపెనీవాళ్లు పంపిన పటం సొరుగులోంచి తీశాను. మధ్యలో అయస్కాంతం, చుట్టూ గుండ్రటి గీతలు. గీతల మీద అంకెలు: 50, 5, 0.5. సెప్టెంబరులో నేను 5 అని ఉన్న గీతను కొలుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని, నేల మీద ఎర్రటేపు అంటించాను. అయిదు గాస్ గీత అని బోర్డు పెట్టాను. భద్రత ఆఫీసువాళ్లు వచ్చి నా టేపు చూసి సంతకం పెట్టి పోయారు. బలం కొలిచే చేతిమీటరు అప్పటికే రిపేరుకి పోయింది, ఇప్పటికీ రాలేదు. ఎవరూ కొలవలేదు.

పటం అడుగున, మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అంకెలన్నీ మిల్లీటెస్లాల్లో అని.

అయిదు మిల్లీటెస్లాలంటే యాభై గాస్. అసలు అయిదు గాస్ గీత ఆ పటంలో 0.5 అని ఉన్నది. అది గోడ దాటుతుంది. మెన్నో బల్ల దాటుతుంది, స్టూలు దాటుతుంది, ఆయన గది సగం దాటాక గానీ ఆగదు.

మా లాబ్‌లో యూనిట్ రాయరు. అంకె రాస్తే గాస్ అనే. ప్రొఫెసర్ థోరా నలభై ఏళ్లుగా నడిపిస్తున్న ఆచారం అది. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజే చెబుతాం. గత ఆరేళ్లుగా చెబుతున్నది నేనే.


జనవరి 16, శుక్రవారం

మెన్నో గొట్టాలు తెచ్చాడు. ఎప్పటిలాగే ఎర్రటేపుకి బూటు ముక్కులు ఆనించి నిలబడి చెయ్యి చాపాడు. నేను ఇవతల్నుంచి అందుకున్నాను.

"నీ గీత దాటను తల్లీ. మా ఆవిడకి మాటిచ్చాను."

యాభై గాస్‌లో నిలబడి అన్నాడా మాట.

ఆయన యంత్రం గురించి చదివాను. చదవకుండా ఉండాల్సింది. గుండె లయ తప్పి కొట్టుకుంటే అది గుర్తుపట్టి షాకిస్తుంది. పది గాస్ దాటితే లోపలున్న మీట మూసుకుంటుంది, అది నిద్రపోతుంది. చప్పుడు చేయదు. నొప్పి ఉండదు. బలం లేని చోటికి రాగానే మళ్లీ మేలుకుంటుంది. మనిషికి ఏమీ తెలియదు. అంటే అయస్కాంతానికి బలం ఎక్కించిన అక్టోబరు నుంచి ఆయన ఆ స్టూలు మీద కూర్చున్న గంటలన్నీ కాపలా లేని గంటలే.

సాయంత్రం ఒక ఆలోచన వచ్చింది. మా పనిలో లెక్కకు లెక్క పొంతన లేకపోతే ముందు వెతికేది రెండు పై, అంటే 2π. బొంగరం ఒక చుట్టుని ఒకటి అని లెక్కపెట్టేవాళ్లున్నారు, ఆ చుట్టుని రేడియన్లలో ఆరు పాయింట్ రెండు ఎనిమిది అనేవాళ్లున్నారు. డబ్బా మీది నాబ్ రేడియన్లలో గుర్తులు వేసిందైతే? పంతొమ్మిదిని ఆరు పాయింట్ రెండు ఎనిమిదితో భాగిస్తే మూడు. మూడు గాస్ అంటే భద్రమే.

లాబ్ పుస్తకంలో 3.0 అని రాశాను.


జనవరి 17, శనివారం

రెండు పై. తప్పకుండా రెండు పై అయ్యుంటుంది.


జనవరి 18, ఆదివారం

ప్రపంచంలో ఏ కంపెనీ కూడా నాబ్ మీద రేడియన్లు వేయదు. రేడియన్లైతే లైబ్రరీలో పది చూపించాలి. అక్కడ ఒకటి పాయింట్ ఆరు చూపించినప్పుడు రెండు పై గుర్తురాలేదేం?

అమ్మ ఆలుగడ్డ కూరిన పెరోగీలు చేసింది. రెండు తిని లేచాను. "ఒంట్లో బాలేదా, ఎవరైనా మోసం చేశారా?" అని అడిగింది. ఎవరూ చేయలేదన్నాను.


జనవరి 19, సోమవారం

చెప్పకుండా సరిచేద్దామని చూశాను.

"మెన్నో, మీ బల్ల ఆ కిటికీ పక్కకి జరిపితే బాగుంటుంది కదా. వెలుతురొస్తుంది."

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "వెలుతురెవడిక్కావాలి? మంట రంగు కనపడాలంటే చీకటుండాలి. గ్యాసు పైపులిక్కడున్నాయి. ముప్పైనాలుగేళ్లుగా ఇక్కడే కూర్చున్నా. నేను పోయాక జరుపుకో."

ఆ చివరి మాటకి నా చేతిలో గొట్టం కింద పడి పగిలింది. ఆయన ఇంకోటి చేసిస్తానన్నాడు.


జనవరి 20, మంగళవారం

థోరా దగ్గరకు వెళ్లాను. అయస్కాంతం బలాన్ని కొన్నాళ్లు సున్నాకి దించుదాం అన్నాను. ఎందుకని అడుగుతుందని తెలుసు. దాన్ని చల్లగా ఉంచే హీలియం మరిగిపోతోందనిపిస్తోంది అని అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాను.

"దించుతావా? ఎక్కించడానికి పదకొండు రోజులు చచ్చాం. నీకేమైనా మతిపోయిందా?"

"చుట్టూ బలం ఎంతుందో ఒకసారి కొలిస్తే..."

"ఏంటి కొలిచేది? నువ్వేగా గీత గీసింది!" తర్వాత గొంతు తగ్గించింది. "చూడు పిల్లా. జూన్‌లో నేను రిటైరవుతున్నా. ఫిబ్రవరి ఆరున కమిటీ కూర్చుంటుంది. ఈ లాబ్ నీ చేతిలో పెట్టమని నేనే రాశా. ఇప్పుడు అయస్కాంతం దించి, అయ్యో భయమేసింది అంటే వాళ్లేమనుకుంటారు?"

తలూపాను. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను కూడా. ఆవిడ అప్పటికే కళ్లద్దాలు పెట్టుకుని కాగితాల్లో పడిపోయింది.

కమిటీ అయ్యాక చెబుతాను. పదిహేడు రోజులు. రెండేళ్లలో ఆయన యంత్రం ఒక్కసారి కూడా షాక్ కొట్టలేదట. ఈ పదిహేడు రోజుల్లోనే కొట్టాలని ఏముంది?

నేను పిరికిదాన్ని. ఆ మాట కమిటీ వరకు ఎవరికీ తెలియకపోతే చాలని చూస్తున్నాను.


జనవరి 21, బుధవారం

మైనస్ ముప్పైఒకటి. కారు స్టార్ట్ కాలేదు, బస్సులో వచ్చాను.

కొత్త ఉపాయం. పదకొండింటికి మెన్నోని కాఫీకి పిలిచాను. కాంటీన్ భవనం అవతలి చివర ఉంది. అక్కడ బలం భూమిది తప్ప ఇంకేదీ లేదు. గంటా పది నిమిషాలు కూర్చోబెట్టాను.


జనవరి 22, గురువారం

మళ్లీ కాఫీ. ఈసారి ఆయన వాళ్లావిడ ఎల్ఫ్రీడా చేసిన ప్లమ్ పళ్ల ప్లాట్స్, అదో రకం కేకు, డబ్బాలో పెట్టుకొచ్చాడు. ఆ యంత్రం పెట్టించుకున్న రోజు గురించి చెప్పాడు. చర్చిలో పాడుతూ పాడుతూ పడిపోయాడట.

"ఎల్ఫ్రీడా అనుకుందీ, నేను కావాలనే పడ్డానని. ఆ పాట నాకు నచ్చదని తెలుసు దానికి!"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే గడియారం చూశాను. గంటన్నర.


జనవరి 23, శుక్రవారం

రెండు గంటల అయిదు నిమిషాలు.


జనవరి 26, సోమవారం

ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. మూడు గంటలు స్టూలుకి దూరంగా ఉంచగలిగాను. అయినా నాలుగున్నర గంటలు కూర్చున్నాడు. గోడకి ఇవతల కూర్చుని ఆయన బర్నర్ చప్పుడు వింటూ ఉంటాను. చప్పుడు ఆగితే నా గుండె ఆగుతుంది. ఆయన లేచి దగ్గితే మళ్లీ కొట్టుకుంటుంది. రోజంతా ఇదే పని. ఒక్క కొలత కూడా తీయలేదు.


జనవరి 28, బుధవారం

అందరూ భోజనానికి వెళ్లినప్పుడు ఎర్రటేపు పీకి, గుమ్మం దాకా జరిపి మళ్లీ అంటించాను. గోడ అవతలికి అంటించలేను కదా.

మెన్నో రాగానే పట్టేశాడు. "గీత ఇటొచ్చిందే?"

"పాతది ఊడిపోతోంది. కొత్తది వేశా."

"ఊడిపోతే అక్కడే వెయ్యాలిగా?" అన్నాడు. టేపుని బూటుతో ఒకసారి తట్టి చూశాడు. తర్వాత గుమ్మం బయట నిలబడి చెయ్యి చాపాడు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. వెనక నుంచి థోరా వచ్చి ఏదో అడిగింది.

లేదు. థోరా రాకపోయినా చెప్పేదాన్ని కాదు.


జనవరి 29, గురువారం

భద్రత ఆఫీసుకి ఉత్తరం రాశాను. ఆరు వాక్యాలు. పంపలేదు. రేపు పంపుతాను.


జనవరి 30, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

పదకొండుకి అయిదు నిమిషాలుందనగా కాఫీకి పిలుద్దామని వెళ్లాను. తలుపు తీసేసరికి మెన్నో స్టూలు మీంచి పక్కకి జారుతున్నాడు. తొందరేమీ లేనట్టు, మెల్లగా జారాడు. బర్నర్ బల్ల మీద దొర్లి మండుతూనే ఉంది. గ్యాసు కట్టేశాను. ఆయన మొహం బూడిద రంగులోకి తిరిగింది. మెడ దగ్గర వేలు పెట్టాను. ఏమీ తెలియలేదు.

నాకు ఒకటే తెలుసు. ఆయన యంత్రం నిద్రపోతోంది.

చంకల కింద చేతులు పెట్టి లాగాను. బరువైన మనిషి. కేకలు పెట్టానట, నాకు గుర్తులేదు. థోరా పరుగున వచ్చింది.

"కదపొద్దు! పడ్డ మనిషిని కదపకూడదు! లెస్యా, వదులు!"

వదల్లేదు. ఆవిడ నా భుజం పట్టుకుంది. నేను ఆవిడని తోసేశాను. అరవైఆరేళ్ల మనిషిని, నా గురువుని, గోడకేసి తోశాను. గది దాటించి, కారిడార్ అవతలి గోడ దాకా ఈడ్చుకెళ్లి పడుకోబెట్టి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను. నొక్కుతూ లెక్కపెట్టాను. పన్నెండు దాకా వచ్చానో పదమూడో. నా చేతుల కింద ఆయన ఒళ్లు ఒక్కసారి ఎగిరిపడింది.

తర్వాత దగ్గాడు.


జనవరి 31, శనివారం

బతికాడు. ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నాడు. యంత్రం తన పని తాను చేసిందని డాక్టరు చెప్పింది.

నేనే కాపాడానని థోరా అందరికీ ఫోన్లు చేసి చెబుతోంది. నన్ను కౌగిలించుకుంది కూడా. "నన్ను గోడకేసి కొట్టింది, అంత తెగువ!" అంటోంది. కమిటీకి కూడా రాస్తుందట. ఎల్ఫ్రీడా నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. చిన్న మనిషి, నా భుజం దాకా కూడా రాదు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగరు కూడా. ఇలా వదిలేస్తే ఇలాగే ఉండిపోతుంది. ఆయన రెండు నెలలు ఇంట్లోనే ఉంటాడు, ఆలోపు ఏదో వంకతో బల్ల జరిపించొచ్చు. ఉత్తరం చింపేయొచ్చు. లాబ్ వస్తుంది.

ఇది రాస్తున్నది నేనే అని నమ్మబుద్ధి కావడం లేదు.


ఫిబ్రవరి 1, ఆదివారం

మెన్నోని వార్డుకి మార్చారు. ఎల్ఫ్రీడా చర్చికెళ్లింది. గదిలో మేమిద్దరమే.

ఆయన గొంతు బాగా నీరసంగా ఉంది. "రా అమ్మాయ్, కూర్చో. నాకొకటి అర్థం కాలా. థోరా చెప్పింది, కదపొద్దని మొత్తుకున్నా నువ్వు వినలేదంట. నువ్వు చదువుకున్నదానివి. పడ్డవాణ్ని ఈడ్చకూడదని నీకూ తెలుసు. మరెందుకు ఈడ్చావ్?"

ఆయన అనుమానంతో అడగలేదు. గాజు పగిలితే ఎక్కడ పగిలిందో చూసే మనిషి, అలాగే అడిగాడు.

చెప్పేశాను. పటం గురించి, మూలనున్న అక్షరాల గురించి, యాభై మూడు గురించి. మీరు కూర్చున్నంతసేపూ మీ యంత్రం నిద్రపోయేదని. కారిడార్లోకి లాగితే మేలుకుంటుందని నాకు తెలుసని.

మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"నేను పడేనాటికి నీకు ఎన్నాళ్ల నుంచి తెలుసు?"

పదిహేను అనబోయాను. మొదటిరోజు డబ్బా పాడైందనుకున్నాను కదా. "పదహారు రోజులు," అన్నాను.

"లెక్క ఎవరికైనా తప్పుతుందమ్మా. నేనూ ఎన్నో గొట్టాలు పగలగొట్టా. మొదటిరోజే వచ్చి చెప్పుంటే రెండు తిట్టి, బల్ల నేనే జరుపుకునేవాణ్ని." ఊపిరి కోసం ఆగాడు. "పదహారు రోజులు. మా ఆవిడ ప్లాట్స్ తింటూ కూర్చున్నావ్."

నేను ఏడ్చాను. ఊరుకోమనలేదు ఆయన. ఊరుకోమంటాడని ఎదురుచూసినందుకు సిగ్గేసింది.

"వెళ్లిరా. ఎల్ఫ్రీడా వచ్చే వేళయింది. దానికి నేను చెబుతాలే."


ఫిబ్రవరి 2, సోమవారం

పొద్దున్నే భద్రత ఆఫీసుకి ఉత్తరం ఇచ్చాను. 3.0 అని రాసిన పేజీ కూడా జతచేశాను. అక్కణ్నుంచి థోరా గదికి వెళ్లి అంతా చెప్పాను.

ఆవిడ పటం చూసింది, మూలన ఉన్న అక్షరాలకి భూతద్దం పెట్టి చూసింది. కుర్చీలో వెనక్కి వాలింది. ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు కనిపించింది.

"ఈ లాబ్‌లో యూనిట్ రాయొద్దన్నది నేను. టెస్లా అన్నవాళ్లందర్నీ వెక్కిరించింది నేను. ఆ తప్పు నా పేరున రాయి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా."

"మరి కమిటీ..."

"నోర్ముయ్. ఆ పదహారు రోజుల కింద నేను సంతకం పెట్టను. అవి నీవి."

అరిస్తే బాగుండేది.


ఫిబ్రవరి 4, బుధవారం

అయస్కాంతం దించుతున్నారు. మెన్నో స్టూలు దగ్గర డబ్బా పట్టుకుని నిలబడమన్నారు, నేను నిలబడ్డాను. సిగ్నల్ నలభైకి దిగింది, ఇరవైకి దిగింది. సాయంత్రానికి ఒకటి పాయింట్ ఆరు. భద్రత ఆఫీసాయన నా చేతిలోంచి డబ్బా తీసుకుని తనే మళ్లీ చూసుకున్నాడు. నా మాట మీద ఇక ఎవరూ సంతకం పెట్టరు. అది న్యాయమే.

రేపు మెన్నోని ఇంటికి పంపుతారట. ఎల్ఫ్రీడా చెప్పలేదు, థోరా చెప్పింది.


ఫిబ్రవరి 6, శుక్రవారం

కమిటీ కూర్చుంది. నా పేరు వాళ్ల ముందుకు రాలేదు. మధ్యాహ్నం దాకా దాని గురించి బాధపడతాననుకున్నాను. బాధ రాలేదు. మూడు వారాలుగా ఈ రోజు కోసమే కదా ఇదంతా చేశాను.

మూడింటికి ఫోన్ మోగింది. ఎల్ఫ్రీడా. మాట పొడిగా ఉంది, తిట్టలేదు.

"మా ఆయన పక్కనే ఉన్నాడు. మాట్లాడనంటున్నాడు. ఒకటి అడగమన్నాడు నిన్ను."

"అడగండి."

"సాయంత్రాలు ఇంటికొచ్చి చెప్పేవాడు, ఆ అమ్మాయి నన్ను కాఫీకి పిలుస్తోందే, ఈ వయసులో నాకో నేస్తం దొరికిందీ అని. నేను ప్లాట్స్ చేసిచ్చింది అందుకే. ఆ కాఫీలన్నీ ఆయన్ని స్టూలు మీంచి లేపడానికేనా?"

అబద్ధం చెప్పకూడదని నిర్ణయించుకుని ఉన్నాను.

"అవునండీ, అందుకే పిలిచాను," అన్నాను.

ఆవిడ ఫోన్ పక్కకి తిప్పి ఆయనతో ఏదో చెప్పింది. ఆయన ఏమన్నాడో వినపడలేదు. "సరేనమ్మా," అని పెట్టేసింది.

పిలిచింది అందుకే. కానీ రెండో రోజు నుంచి పదకొండు ఎప్పుడవుతుందా అని నేనే ఎదురుచూశాను. ఆయన చర్చి కథ విన్నప్పుడు ఒక్క నిమిషం భయం మర్చిపోయాను. ఆరేళ్లలో ఆ భవనంలో నాతో అంతసేపు కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు. అది ఆవిడకి చెప్పలేదు. ఇప్పుడు చెబితే, అది కూడా నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పినట్టే ఉంటుంది.